పచ్చి కార్జంతో పెరిగిన లాబ్రడార్ పిల్ల: ఒక కేస్ స్టడీ

పేషెంట్ ఆడ లాబ్రడార్ పిల్ల. వయసు నాలుగున్నర నెలలు, బరువు 9 కిలోలు. ఈ వయసుకి ఈ జాతి పిల్ల 13 నుంచి 15 కిలోలు తూగాలి. లూసీ అని పిలుద్దాం. ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో. ఇంటాయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తారు. ఇంట్లో ఆయన, భార్య, ఐదేళ్ల పాప, పెద్దావిడ.

వచ్చిన కారణం: ముందురోజు సాయంత్రం సోఫా మీంచి కిందకి దిగింది, ఒక్కసారి గట్టిగా అరిచి వెనక కుడికాలు ఎత్తేసింది. అప్పట్నుంచి ఆ కాలు నేలకి ఆనించట్లేదు. రాత్రంతా మూలుగుతూనే ఉంది.

"డాక్టర్ గారూ, ఎవరూ కొట్టలేదండీ, బండి తగల్లేదు. సోఫా అడుగున్నర ఎత్తు కూడా ఉండదు. మా పాప పక్కనే ఉండి చూసింది" అన్నారాయన. కుక్కపిల్ల కాలు విరిగిందని వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది మేడమీంచి పడిందనో, స్కూటర్ తగిలిందనో. అడుగున్నర ఎత్తు నుంచి దిగితే విరిగే ఎముక మామూలు ఎముక కాదు. అందుకని కాలు పట్టుకోకముందే తిండి గురించి అడగడం మొదలుపెట్టాను.

టేబుల్ మీద నిలబెడితే మూడు కాళ్ల మీదే నిలబడింది. ముందుకాళ్ల వేళ్లు విచ్చుకుపోయి ఉన్నాయి, మణికట్టు దాదాపు నేలకి ఆనుతోంది. వెన్ను మీద వేలితో మెల్లగా నొక్కినా వెనక్కి తిరిగి చూస్తోంది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఏడ్చింది. విరిగింది ఒక్క కాలే అయినా నొప్పి ఒళ్లంతా ఉంది. జ్వరం లేదు. కళ్లు, ముక్కు శుభ్రంగా ఉన్నాయి, కండరాలు అదరడం లేదు, టీకాలు టైముకి వేయించారు. కాబట్టి డిస్టెంపర్ (కుక్కలకి వచ్చే ఒక వైరస్ జబ్బు) గురించి ఎక్కువసేపు ఆలోచించలేదు.

తిండి లెక్క

"ఏం పెడుతున్నారు?" అంటే వచ్చిన జవాబు "బాగానే పెడుతున్నామండీ, నాన్‌వెజ్ లేకపోతే ముట్టదు" అని. ఈ జవాబుతో ఆగిపోతే కేసు అర్థం కాదు. ఏ ముక్క, ఎంత, ఉడికించా పచ్చిదా, ఎప్పట్నుంచి అని ఒక్కొక్కటీ అడగాలి.

రెండున్నర నెలల కిందట ఎవరో వీడియోలో చెప్పారట. కుక్కకి అన్నం పెట్టకూడదు, తోడేలు అన్నం తినదు, పచ్చి మాంసమే పెట్టాలి అని. మటన్ కిలోల లెక్కన కొనే స్తోమత లేదు. రోడ్డు చివర మటన్ షాపులో కార్జం ముక్కలు, ఊపిరితిత్తులు చవగ్గా ఇస్తారు, కొన్నిసార్లు ఊరికే కూడా ఇస్తారు. రోజుకి సుమారు 200 గ్రాముల కార్జం, 200 గ్రాముల ఊపిరితిత్తులు, అంతా పచ్చిదే. ఆదివారం చికెన్ కందనకాయలు. అంతకుముందు పెరుగన్నం పెట్టేవాళ్లు, అది మానేశారు. పాలు పోస్తే విరేచనాలు అవుతున్నాయని అవీ ఆపేశారు. ఎముక ఒక్కటీ లేదు, గొంతులో ఇరుక్కుంటుందని భయం.

వీళ్లు పిల్లని నిర్లక్ష్యం చేయలేదు. ఇంటాయన రోజూ డ్యూటీ నుంచి వస్తూ షాపు దగ్గర ఆగి, ముక్కలు తనే కోసి పెట్టేవారు. ప్రేమగా పెంచే ఇళ్లలోనే ఈ జబ్బు ఎక్కువగా చూస్తుంటాను. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ఇక లెక్క. 100 గ్రాముల గొర్రె కార్జంలో కాల్షియం 7 మిల్లీగ్రాముల దాకా, ఫాస్ఫరస్ 360 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. ఊపిరితిత్తుల్లో కాల్షియం 10, ఫాస్ఫరస్ 220 అటూ ఇటూ. లూసీ తిండి మొత్తం కలిపితే రోజుకి కాల్షియం సుమారు 34 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 1,160 పైన. అంటే ఒకటికి 34. పెరిగే కుక్కపిల్లకి కాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్‌తో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండాలి. ప్రతి 1000 కేలరీల తిండికి 3 గ్రాముల కాల్షియం కావాలి. లూసీ ఒంటికి చూస్తే రోజుకి 2 గ్రాములకి తక్కువ కాకూడదు. ఆ పిల్లకి అందింది అందులో అరవయ్యో వంతు. కేలరీలు కూడా చాలలేదు, బరువు తక్కువకి అదీ ఒక కారణం.

రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు నడవవు. అందుకని శరీరం ఊరుకోదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ ఎక్కువగా వదిలి, ఎముకలో దాచిన కాల్షియాన్ని లాగి రక్తంలో కలుపుతాయి. ఫాస్ఫరస్ ఎక్కువైన కొద్దీ ఈ లాగుడు ఇంకా ఎక్కువవుతుంది. నెలల తరబడి ఇలా జరిగితే ఎముక డొల్ల అవుతుంది. దీన్ని న్యూట్రిషనల్ సెకండరీ హైపర్‌పారాథైరాయిడిజం అంటారు. ఒట్టి మాంసం మీద పెరిగిన కుక్కపిల్లల్లో, పిల్లికూనల్లో వస్తుంది.

"మరి తోడేలు పచ్చి మాంసమే తింటుంది కదండీ?" అని ఆయన అడిగారు. మంచి ప్రశ్నే. తోడేలు జంతువు మొత్తాన్ని తింటుంది: కండ, ఎముక, తోలు, పేగు అన్నీ. ఒక మేకలో ఉండే కార్జం ఒక్కటే. లూసీ వారంలో తిన్న కార్జానికి సరిపడా ఎముకలు, కండ కూడా తినాలంటే రెండు మూడు మేకలు తినాలి. రా డైట్ (పచ్చి మాంసం తిండి) పెట్టమనేవాళ్లు కూడా నూటికి 80 పాళ్లు కండ, 10 ఎముక, 5 కార్జం, 5 మిగతా అవయవాలు అనే చెబుతారు. ఆ లెక్క కూడా పోషకాలన్నీ సరిపోతాయన్న హామీ ఇవ్వదు. వీడియోలో విన్నది ఒకటి, మార్కెట్లో చవగ్గా దొరికింది ఇంకొకటి, గిన్నెలో పడింది మూడోది.

ఎక్స్‌రే, రక్తపరీక్ష

కుడి తొడ ఎముక మధ్యలో పచ్చి కొమ్మ వంచినట్టు వంగి, ఒకవైపు చిట్లింది. రెండు ముక్కలుగా విడిపోలేదు. ఎముక గోడ పక్కనున్న కండ నీడ కంటే కొంచెమే తెల్లగా ఉంది. వెన్నుపూసలూ అంతే, వెలిసిపోయి ఉన్నాయి. కటి ఎముక రెండు వైపుల నుంచీ లోపలికి నొక్కుకుపోతోంది.

ఇక్కడ రికెట్స్‌తో (విటమిన్ డి లోపంతో ఎముకలు గట్టిపడని జబ్బు) తేడా చూసుకోవాలి. రికెట్స్ అయితే ఎముక చివరల్లో పెరుగుదల పొర వెడల్పుగా, అంచులు చెదిరి కనబడుతుంది. లూసీకి ఆ పొర మామూలుగానే ఉంది, దాని పక్కన తెల్లటి పట్టీ స్పష్టంగా ఉంది. ఈ బొమ్మ కాల్షియం, ఫాస్ఫరస్ తూకం తప్పిన జబ్బుది.

రక్తంలో కాల్షియం నార్మల్ వచ్చింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంది, అది పెరిగే పిల్లల్లో కొంత ఎక్కువే ఉంటుంది. రిపోర్టు చూసి ఇంటావిడ ఊపిరి పీల్చుకుంది. "కాల్షియం బాగానే ఉందిగా డాక్టర్ గారూ?" అంది. రక్తంలో ఉన్న ఆ కాల్షియం ఎముకలోంచి వచ్చిందేనని ఆవిడకి ఎక్స్‌రే చూపించి చెప్పాను. ఈ జబ్బులో రక్తం రిపోర్టు నార్మల్ అని తిండి సంగతి వదిలేస్తే పిల్ల నెలలోపు ఇంకో కాలు విరగ్గొట్టుకుని వస్తుంది.

అంతకు వారం ముందే కుంటుతోందని వేరేచోట చూపించారు. కాల్షియం సూది వేశారు, సిరప్ రాశారు, రోజూ పొద్దున ఎండలో కట్టేయమన్నారు. తిండి అడగలేదు. సిరప్ సీసా తెచ్చారు కాబట్టి లేబుల్ చదివాను: చెంచాకి 80 మిల్లీగ్రాములు, అదీ ఫాస్ఫేట్ రూపంలో, అంటే ఫాస్ఫరస్ కూడా తోడు తెస్తుంది. రెండు గ్రాములు కావలసిన చోట రెండు చెంచాల సిరప్ ఏం చేస్తుంది? ఎండ విషయం కూడా చెప్పాలి. మనుషుల్లా కుక్క చర్మం ఎండతో కావలసినంత విటమిన్ డి తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బెజవాడ ఎండలో లాబ్రడార్‌ని కట్టేస్తే వడదెబ్బ తగలడం తప్ప ఎముకకి ఒరిగేదేమీ లేదు.

సీసాతో పాటు సంచీలో మందుల షాపు వాళ్లిచ్చిన విటమిన్ డి సాచెట్ ఒకటి ఉంది, 60,000 యూనిట్లది, ఇంకా విప్పలేదు. పెద్దవాళ్లు వారానికొకటి వేసుకునేది. 9 కిలోల పిల్లకి అది మొత్తం పోస్తే కిలోకి 6,600 యూనిట్లు పైన పడుతుంది. కిలోకి 4,000 దగ్గర్నుంచే కుక్కల్లో విషలక్షణాలు మొదలవ్వచ్చు, ఇంకా పెరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ సాచెట్ అక్కడే తీసుకుని పక్కన పెట్టేశాను.

మలపరీక్షలో దొరికింది

అవయవ మాంసం పచ్చిగా తినే ప్రతి కుక్కకీ మలపరీక్ష చేయిస్తాను, కుంటుకుంటూ వచ్చినా సరే. లూసీ మలంలో టీనియా జాతి బద్దెపురుగు గుడ్లు కనబడ్డాయి.

ఈ గుడ్లతో ఒక చిక్కుంది. మామూలు టీనియా గుడ్డు, ఎకైనోకాకస్ అనే ఇంకో బద్దెపురుగు గుడ్డు మైక్రోస్కోప్ కింద ఒకేలా ఉంటాయి. ఏది ఏదో చూసి చెప్పలేం. మొదటిది కుక్కకి పెద్ద ఇబ్బంది కాదు. రెండోది కుక్కని అస్సలు బాధపెట్టదు, పురుగు సెంటీమీటరు పొడవు కూడా ఉండదు, మలంలో కంటికి కనబడదు. కానీ దాని గుడ్డు మనిషి కడుపులోకి పోతే కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి తిత్తి పెరుగుతుంది. హైడాటిడ్ జబ్బు అంటారు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు ఎప్పట్నుంచో ఉన్నదే. అందుకని ఇంట్లో ఐదేళ్ల పాప ఉన్నప్పుడు అది ఎకైనోకాకసే అనుకుని వైద్యం చేయడం న్యాయం.

కుక్కకి ఎలా వస్తుందో ఇంటాయనకి ఫోన్‌లో ఒక ఫొటో చూపించి చెప్పాను. గొర్రె ఊపిరితిత్తి మీద నిమ్మకాయంత తెల్లటి బుడగ. కోస్తే తేటనీళ్లు చిమ్ముతాయి, అడుగున సన్నటి తెల్లటి నలుసులు పేరుకుని ఉంటాయి. ఆ నలుసు ఒక్కొక్కటీ కుక్క పేగులో ఒక పురుగు అవుతుంది. ఆయన ఫొటో వైపు కాసేపు చూసి అన్నారు: "ఇవి చాలాసార్లు చూశానండీ. ఇలాంటి బుడగలున్న ముక్కలే ఊరికే ఇస్తారు. మనుషులు కొనరు కదా."

ఈ మాట నా దృష్టిలో కేసు మొత్తానికీ కీలకం. ఆరోగ్యంగా ఉన్న కార్జం మనుషులకి అమ్ముడుపోతుంది. రంగు మారినది, బుడగలున్నది, గట్టిపడినది పక్కకి తీస్తే అది కుక్క గిన్నెలోకి వస్తుంది. విదేశాల్లో ప్యాకెట్ చేసి అమ్మే మాంసం గురించి ఎవరో చెప్పిన సలహా మన వీధి చివర షాపుకి అలాగే పనికొస్తుందని అనుకోకూడదు. కబేళాలో పశువైద్యుడు పరీక్ష చేయాలని 2001 నాటి కబేళా నియమాల్లో ఉంది. ఆదివారం పొద్దున రోడ్డు పక్కన కోసే గొర్రెకి ఆ పరీక్ష ఎక్కడ జరుగుతుంది?

పిల్లకి మొదట్లో తాగించిన నులిపురుగుల సిరప్ పైరాంటెల్. అది ఏలికపాముల మీద పనిచేస్తుంది, బద్దెపురుగు మీద పనిచేయదు. ప్రాజిక్వాంటెల్ మాత్ర కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చాం. ఆ మందు పురుగుని చంపుతుంది గానీ గుడ్లని చంపదు. కాబట్టి తర్వాత కొన్ని రోజులు మలం చేతికి తగలకుండా కవర్‌తో తీసి లోతుగా పూడ్చేయమన్నాను, కాల్చేస్తే మరీ మంచిది. లూసీ పాప మొహం నాకకుండా చూసి, లూసీని ముట్టుకున్నాక పాప చేతులు సబ్బుతో కడిగించమన్నాను. ఇంటావిడకి చాలా టెన్షన్ వచ్చింది, వెంటనే పాపకి స్కాన్ తీయిస్తానంది. ఈ తిత్తులు పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఇవాళ తీసినా ఏమీ కనబడకపోవచ్చు. వాళ్ల పిల్లల డాక్టర్‌కి విషయం చెప్పి, ఎప్పుడు చూడాలో ఆయన్నే నిర్ణయించమన్నాను.

ఏం చేశాం

ఆపరేషన్ చేయలేదు. ఇలాంటి ఎముకలో స్క్రూ బిగిస్తే పట్టు నిలవదు, ప్లేటు పక్కన ఇంకోచోట విరుగుతుంది. బరువైన కట్టు కట్టినా అంతే. ముక్కలు విడిపోలేదు కాబట్టి కదలనివ్వకుండా ఉంచితే అతుక్కుంటుంది. అందుకని ముందు బోను, తర్వాత తిండి, ఆ తర్వాతే నొప్పి మందు. నొప్పి తగ్గిన పిల్ల వెంటనే పరుగెడుతుంది, మెత్తటి ఎముక దానికి తట్టుకోదు. ఇంటాయన ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల దగ్గర ఇనప చువ్వలతో మూడడుగుల బోను తనే వెల్డింగ్ చేయించి తెచ్చారు. కింద టైల్స్ మీద కాలు జారకుండా గోనెపట్టా, దాని మీద బొంత.

నొప్పికి మెలాక్సికామ్ తిండి తిన్నాక, కొద్ది రోజులే. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు వేయొద్దని గట్టిగా చెప్పాను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కకి పేగులో పుండ్లు పెట్టి కిడ్నీ పాడు చేస్తాయి.

తిండి ఒక్కసారిగా మార్చాం. పెద్ద జాతి కుక్కపిల్లలకని లేబుల్ మీద రాసి ఉన్న కంప్లీట్ పప్పీ ఫుడ్ మాత్రమే. అందులో కాల్షియం తూకం సరిగ్గా ఉంటుంది, పైన ఇంకేమీ కలపక్కర్లేదు. కలిపితే పెద్ద జాతి పిల్లల్లో ఎక్కువైన కాల్షియం కూడా ఎముకల్ని వంకర చేస్తుంది. కష్టం ఎక్కడ వచ్చిందంటే, లూసీ ఆ గింజలు ముట్టలేదు. నెత్తురు వాసనకి అలవాటుపడ్డ నోరు. రెండో రోజు రాత్రి పెద్దావిడ ఫోన్ చేసి "పస్తు ఉంచడానికి మనసు రావట్లేదు బాబూ, ఒక్క ముక్క కార్జం వేస్తాను" అన్నారు. చిన్న ముక్క బాగా ఉడికించి, ఆ నీళ్లు మాత్రం గోరువెచ్చగా గింజల మీద పోయమన్నాను. తిన్నది. తర్వాత వారం పదిరోజుల్లో ఆ నీళ్లు కూడా మెల్లగా తగ్గించేశారు.

నెల దాటాక ఖర్చు మోయలేకపోతున్నామని ఆయన మొహమాటపడకుండా చెప్పారు, చెప్పడం మంచిదైంది. ఊరికే సగం సగం కలిపితే తూకం మళ్లీ తప్పుతుంది. అన్నం, ఉడికించిన చికెన్ కండ, గుడ్డు, గుమ్మడికాయ, కొంచెం పెరుగు, దాంతోపాటు తూచి కలిపే కాల్షియం కార్బొనేట్ పొడి, జింక్, అయోడిన్, విటమిన్ డి ఉన్న సప్లిమెంట్ అని ప్లాన్ రాశాం. కాల్షియం కార్బొనేట్‌లో నూటికి 40 పాళ్లు కాల్షియం. అంటే 5 గ్రాముల పొడికి 2 గ్రాముల కాల్షియం. వంటింటి చెంచాతో కొలవొద్దని చిన్న డిజిటల్ కాటా కొనిపించాను. బరువు పెరిగినప్పుడల్లా లెక్క మార్చాలి. ఈ అంకెలు లూసీవి, ఇంకో పిల్లకి ఇలాగే వేయకండి.

కాల్షియం కోసం పాలు చాలవా అని చాలామంది అడుగుతారు. 100 మిల్లీలీటర్ల పాలలో 120 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు గ్రాములు రావాలంటే లీటరున్నర పైన తాగాలి. ఏ పిల్లకీ ఆ పాలు అరగవు. ఎముకలు పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. ఉడికిన ఎముక చీలికలై పేగుకి గుచ్చుకుంటుంది, పచ్చి గట్టి ఎముక పళ్లు విరగ్గొడుతుంది. పొడి చవక, లెక్క తెలుస్తుంది.

కార్జం మొత్తం మానేయాలా? మానక్కర్లేదు. ఉడికించి, తిండి మొత్తంలో నూటికి ఐదు పాళ్లకి మించకుండా పెడితే మంచి ఆహారం. ఐరన్, బి12, విటమిన్ ఎ అన్నీ ఉన్నాయి. ఎక్కువైతేనే ముప్పు. 200 గ్రాముల గొర్రె కార్జంలో విటమిన్ ఎ దాదాపు 50,000 యూనిట్లు, లూసీకి రోజుకి కావలసింది 1,000 లోపు. పిల్లుల కంటే కుక్కలు విటమిన్ ఎ ని బాగా తట్టుకుంటాయి గానీ, పెరిగే ఎముకకి ఇంత మోతాదు మంచిది కాదు. పైగా గొర్రె కార్జంలో రాగి ఎక్కువ, లాబ్రడార్ జాతిలో కాలేయంలో రాగి పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు ఉంది. వేరే జాతులకి చెప్పే కొలత కంటే లాబ్రడార్‌కి తక్కువే చెబుతాను. పచ్చిగా మాత్రం వద్దు. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే పచ్చి మాంసం పెట్టొద్దని చెప్పింది. సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఫ్రీజర్‌లో కూడా బతుకుతుంది. కార్జమైనా ఊపిరితిత్తులైనా చిన్న ముక్కలు చేసి, మరిగే నీళ్లలో కనీసం అరగంట ఉడకాలి. బుడగ కనబడిన ముక్కని అయితే ఉడికించి కూడా పెట్టకండి, వీధికుక్కకి విసరకండి, పూడ్చేయండి.

ఇప్పుడు

మూడు వారాలకి తీసిన ఎక్స్‌రేలో ఎముక గోడ తెల్లబడటం మొదలైంది, విరిగినచోట అతుకు పోసుకుంది. అప్పటికే ఒంటినొప్పులు పోయాయి, చెయ్యి వేస్తే ఏడవడం లేదు. బోనులోంచి తీసి పట్టీతో మెల్లగా నడిపించడం ఆరో వారంలో మొదలుపెట్టాం. ఏడు నెలల వయసుకి బరువు 19 కిలోలు. వయసుకి ఇంకా కొంచెం తక్కువే గానీ, బొద్దుగా చేయాలన్న తొందర నాకు లేదు. ఆరు వారాలకి చేసిన మలపరీక్షలో గుడ్లు లేవు. మటన్ షాపు ముక్కలు పూర్తిగా ఆగాయి కాబట్టి ప్రాజిక్వాంటెల్ ఇకమీదట మూడు నెలలకోసారి చాలు.

కుడి తొడ కొంచెం వంకరగానే అతికింది, నడకకి అడ్డు లేదు. అసలు సమస్య కటి ఎముక. మెత్తగా ఉన్నప్పుడు లోపలికి నొక్కుకుపోయింది, అలాగే గట్టిపడింది. మలవిసర్జనకి లూసీ కొంచెం ఎక్కువసేపు ముక్కుతుంది. గుమ్మడికాయ, నీళ్లు పెంచాక మేలు. ఈ ఇరుకు దారిలోంచి పిల్లలు పుట్టడం కష్టం, ఈనేటప్పుడు తల్లి ప్రాణం మీదకే వస్తుంది. "ఒక్క ఈత వేయిద్దామనుకున్నామండీ" అని ఇంటావిడ అంది. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో కూడా ఎక్స్‌రే చూపించి ఇంకో డాక్టర్ అభిప్రాయం అడగమన్నాను. వాళ్లూ వెళ్లి వచ్చారు. ఎనిమిది నెలలు నిండాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి ఒప్పుకున్నారు.